జువ్వలదిన్నెకు వచ్చిన అతిథికి ఏమి చూపవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు రజతోత్సవ మనగా ఇరువదియైదేండ్లు పుస్తకములు చేతులు మారిన సంబరము. ఇట్టి శుభసమయమున బంధువులు వత్తురు, పొరుగూళ్ల పెద్దలు వత్తురు, పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న ఊరి బిడ్డలు తమ స్నేహితులను వెంటబెట్టుకొని వత్తురు. వచ్చినవారు భోజనమై తాంబూలము వేసికొన్న పిదప అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇచ్చట చూడదగిన దేమున్నది?" దానికి గృహస్థు లిచ్చు జవాబును ఒక్కటే: "ఏమున్నదండీ, సముద్ర మున్నది."

ఆ జవాబు విని అతిథి సాయంకాలము సముద్రపు టొడ్డునకు పోయి, కాళ్లు తడుపుకొని, చీకటి పడకముందే తిరిగి వచ్చును. మరునాడు రైలెక్కును. జువ్వలదిన్నె చూచితి నని అతడు చెప్పుకొనును గాని, నిజమునకు అతడు చూచినది ఉప్పునీరు మాత్రమే. చూపువారు లేనందున తక్కినది అతని కంటబడలేదు. అతిథికి అన్నము పెట్టుట గృహధర్మ మైనట్లే, అతనికి ఊరిని చూపుట గ్రామధర్మము. ఆ ధర్మము ఎట్లు నెరవేర్చవలె నన్నదే ఈ ప్రసంగమునకు విషయము.

పూర్వము బాటసారికి సత్రము దిక్కు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణమున బయలుదేరి కాశికి పోయి, తూర్పుతీరపు మార్గమున నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి చెన్నపట్టణము చేరిరి. వారు వ్రాసిన కాశీయాత్రచరిత్ర చదివినవారికి ఆనాటి ప్రయాణ మెట్టిదో తెలియును. ఏ ఊర సత్రమున్నది, ఏ ఊర నీరు మంచిది, ఏ యేరు దాటుట కష్టము, ఎచ్చట బియ్యము దొరకును అనునవే ఆనాటి బాటసారికి ప్రాణప్రశ్నలు. సత్రములో నీడయు నీరును దొరకుటే గాక, ముందున్న దారిని గూర్చిన కబురును దొరకెడిది. అరుగు మీద కూర్చున్న పెద్దలు వచ్చినవానికి ఊరి సంగతులు చెప్పెడివారు. వచ్చినవాడు లోకము సంగతులు చెప్పెడివాడు. ఒక విధముగా సత్రపు అరుగే ఆనాటి గ్రంథాలయము.

బెజవాడ–మద్రాసు రైలుమార్గము 1899లో పూర్తియైనది. దారి పడమటికి జరిగినది. ఆ వెనుక మోటారు రోడ్డును ఆ వైపుననే పెరిగినది. బాటసారులు బిట్రగుంటలోనో కావలిలోనో దిగిపోయి, పనియున్నవారు తప్ప తక్కినవారు తీరము వంక తిరుగుట మానిరి. నేడు అతిథికి బస కావలి లాడ్జీలలోనో, ఈ ఊరి బంధువుల ఇంటనో దొరకును. బస యెచ్చట నైనను, రెండు దినములు వ్యవధి యున్నవానికి ఈ ప్రాంతము ఒక చక్కని పాఠము చెప్పగలదు. సముద్రము మొదలు పడమటి కొండవరకు ఈ నేల మెట్లు మెట్లుగా అమరియున్నది. ఒక్కొక్క మెట్టు మీద ఒక్కొక్క వృత్తి, ఒక్కొక్క చరిత్ర. ఆ మెట్లను వరుసగా ఎక్కించుటయే ఊరు చూపుట.

మొదటి మెట్టు సముద్రపు టొడ్డు. దీనిని సాయంకాలము గాక తెల్లవారుజామున చూపవలెను. సాయంకాలము సముద్రము వేడుక. తెల్లవారుజామున అది జీవనము. రాత్రి పోయిన ఫైబరు పడవలు ఒడ్డు చేరువేళ వలలు విప్పుట, చేపలు వేరుపరచుట, ఇసుక మీదనే వేలము పాడుట, ఆడువారు గంపలు నింపుకొని పరుగున పోవుట, ఇవన్నియు సూర్యుడు పైకి రాకముందే ముగియును. ఒడ్డుకు లాగెడు పెద్దవలను చూడగల్గినవాడు అదృష్టవంతుడు. పడవ వలను అర్ధచంద్రాకారముగా దింపి వచ్చును. రెండు కొసల త్రాళ్లను రెండు జట్టులు పట్టి, అడుగులు కలిపి, గంటలకొలది లాగును. వల లోపల ఏమున్నదో ఒడ్డు చేరువరకు ఎవ్వరికిని తెలియదు. ఒకనాడు వంజరము, చందువ, మరొకనాడు నెత్తళ్లు, ఇంకొకనాడు నాచు. ఆ అనిశ్చితిని మోయుటయే గంగపుత్రుల బ్రతుకు. అతిథి వారి త్రాళ్లకు అడ్డముగా నిలువరాదు. వేలమువేళ బేరములలో తలదూర్చరాదు. ఈ రెండు మర్యాదలు ముందుగా చెప్పి తీసికొనిపోవలెను.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీర మంతట మోటారు పడవల వేటకు నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున సముద్రమునకు విశ్రాంతి నిచ్చుటకై ఏర్పరచిన కట్టుబాటు అది. ఆ దినములలో వచ్చిన అతిథికి వేలములు కనబడవు. వల లల్లువారును, పడవలు బాగుచేయువారును కనబడుదురు. చలికాలము చివర, అనగా జనవరి మొదలు మార్చి వరకు, ఈ తీరమునకు మరియొక అతిథి వచ్చును. అది ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేలు. రాత్రివేళ ఒడ్డుకెక్కి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరు గ్రుడ్ల వరకు పెట్టి, గుంట పూడ్చి, వెనుదిరిగి చూడక సముద్రములోనికి పోవును. సుమారు 50 దినములకు పిల్లలు బయటికి వచ్చి, వెలుగు కనబడిన దిక్కునకు ప్రాకును. సముద్రము మీద తళతళలాడు వెలుగే వానికి దారి. కావుననే ఆ రాత్రులలో ఒడ్డున దీపములు వెలిగించుట వానికి చేటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జీవికి గట్టి రక్షణ కల్పించినది.

జువ్వలదిన్నెలో చేపలరేవునకు 2020లో శంకుస్థాపన జరిగి, పెద్ద మోటారు పడవలు నిలుచుటకు తగిన కట్టడములు లేచినవి. ఇసుకపై పడవను ఈడ్చిన తాతల కాలమును, కాంక్రీటు గట్టునకు పడవను కట్టు మనుమల కాలమును ఒకే ఊర చూచు అవకాశ మిది. అతిథికి రెండును చూపవలెను.

రెండవ మెట్టు దిన్నె. ఊరి పేరులోనే దిన్నె యున్నది. ఆ పేరు విన్నంతనే జువ్విచెట్లున్న మెరకనేల తలపునకు వచ్చును. ఇసుకదిన్నె యనగా పనికిరాని గుట్ట యని పట్టణవాసులు తలంతురు. దిన్నె లోపల నీళ్లతొట్టి యున్నదని వారికి చూపవలెను. వాననీరు ఇసుకలో ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపై తేలి నిలుచును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక యగుటచేత రెండును వెంటనే కలిసిపోవు. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు క్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఈ లెక్కకు మరియొక ముఖ మున్నది. పైన ఒక్క అడుగు నీరు తోడివేసినచో, క్రింద 40 అడుగుల మేర ఉప్పునీరు పైకి ఎగబ్రాకును. సముద్రపు చేరువనే చెలమ త్రవ్వి తియ్యని నీరు త్రాగిన పెద్దలకు ఈ లెక్క తెలియకపోవచ్చును గాని, ఇసుకను కదపరా దన్న నీతి తెలియును. దిన్నె మీది తాటిచెట్లు, సర్వితోటలు, ఇసుకలో అల్లుకొను అడంబుతీగ, ఇవి యన్నియు ఆ తొట్టికి మూతలు. అతిథిని ఒక ఊటబావి కడకు తీసికొనిపోయి, దోసెడు నీళ్లు త్రాగించి, తరువాత సముద్రపు దిక్కు చూపవలెను. ఉపన్యాసము అక్కరలేదు.

మూడవ మెట్టు బకింగ్‌హాం కాలువ. ఈ ప్రాంతమున ఇంతకంటె పెద్ద చరిత్ర గల కట్టడము లేదు. ఇంతకంటె నిర్లక్ష్యమునకు గురియైనదియు లేదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున బాసిల్ కాక్రేన్ అను వర్తకుడు మద్రాసునుండి ఎన్నూరువరకు మొదటి భాగమును త్రవ్వించెను. 1806 నాటికి దానిపై పడవలు నడచినవి. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని ఉత్తరముగా పొడిగించుచు వచ్చినది. 1876–78 నాటి ధాతకరవులో ఆకలిగొన్న జనమునకు కూలి కల్పించుటకై మద్రాసులో అడయారును కూవమును కలుపు భాగము త్రవ్వబడినది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేర 1878లో కాలువకు ఈ పేరు వచ్చినది. పెదగంజామునుండి తమిళనాటి మరక్కాణమువరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందు 258 కిలోమీటర్లు ఆంధ్రదేశముననే యున్నది. పెదగంజాము కడ ఇది కృష్ణా కాలువలతో కలియుటచేత, కాకినాడలో సరకెక్కించిన పడవ సముద్రము ముఖము చూడకయే చెన్నపట్టణము చేరగలిగెడిది.

బియ్యము, ఉప్పు, కట్టెలు, గవ్వసున్నమునకు కావలసిన గుల్లలు ఈ నీటిమీద పోయెడివి. గాలి అనుకూలమైనపుడు తెరచాప, లేనపుడు గడకర్ర, అదియు సాగనపుడు గట్టు మీద నడచుచు త్రాటితో లాగు మనుష్యులు. సముద్రపు పోటుపాటులనుబట్టి నీరు ఎక్కి దిగుటచేత, మట్టము నిలుపుటకు అక్కడక్కడ లాకులు కట్టిరి. రైలు, లారీ వచ్చిన పిదప పడవలు తగ్గినవి, తుపానులకు గట్లు తెగినవి, పూడిక పేరుకొన్నది. 2008లో భారత ప్రభుత్వము దీనిని నాలుగవ జాతీయ జలమార్గములో చేర్చినది. పేరు పెరిగినంతగా పూడిక తరుగలేదు.

గ్రంథాలయ సభలో కాలువ మాట వచ్చినపుడు పాతూరి నాగభూషణముగారిని తలపక తీరదు. గుంటూరు జిల్లా పెదపాలెమునుండి 1935లో వారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. ప్రయాణము చేయు పడవలోనే పుస్తకములు. గట్టు మీది పల్లెలకు పడవ వచ్చినప్పుడే చదువు వచ్చెడిది. కాలువ ఉప్పును బియ్యమునే గాక అక్షరమును గూడ మోయగలదని ఆ మహనీయులు నిరూపించిరి.

కాలువ దరిని దక్షిణముగా పోయినచో ఇసకపల్లి ప్రాంతపు ఉప్పుమళ్లు నాలుగవ మెట్టు. నూరుపాళ్ల సముద్రజలమున ఉప్పు మూడున్నర పాళ్ల లోపే. ఆ కొంచెమును రాబట్టుటకు నీటిని మడినుండి మడికి మరలించుచు ఎండకు ఇంకించవలెను. ముందుగా జిప్సము అడుగు పట్టును. ద్రవము బాగుగా చిక్కబడిన తరువాతనే తినెడు ఉప్పు పేరుకొనును. ఆ సమయము దాటి నీటిని నిలిపినచో చేదు లవణములు కలిసి ఉప్పు చెడును. పారతో లాగువాని కంటిచూపే ఇచ్చట తూకము. వేసవి పొడవునను పడిన కష్టమును అకాలవర్షము ఒక్కటి కరిగించివేయును. నెత్తిపై ఎండ, క్రింద ఉప్పునీరు, కాళ్లకు పగుళ్లు. 1930లో గాంధీమహాత్ముడు పిడికెడు ఉప్పు నెత్తి సామ్రాజ్యమును కదిలించుటకు ఈ పదార్థమునే యేల ఎన్నుకొనెనో, ఉప్పుమడి గట్టు మీద నిలిచినవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటి దినము ఇంతటితో నిండును. రెండవదినము పడమటికి పోవలెను. చెరువుల క్రింది వరిపొలములు దాటి పోగా బిట్రగుంట. ఆవిరి ఇంజనుల కాలమున ఇచ్చట పెద్ద లోకోషెడ్డు, దాని చుట్టును రైల్వే కాలనీ ఉండెడివి. ఆవిరి ఇంజనుకు దారిలో బొగ్గు కావలెను, నీరు కావలెను, నడుపువారికి విశ్రాంతి కావలెను; బండ్లకు ఇది యొక సత్రము. విద్యుత్తు వచ్చినది, సత్రముతో పని తీరినది. పడవలను రైలు తోసిపుచ్చినట్లే, ఆవిరిని విద్యుత్తు తోసిపుచ్చినది. కాలువను చూచిన మరునాడు బిట్రగుంటను చూచినవానికి ఈ పోలిక తనంత తానే తట్టును.

ఆ చేరువనే కొండబిట్రగుంట. కొండమీద ప్రసన్న వేంకటేశ్వరస్వామి వెలసిన ఈ తావును భక్తులు బిలకూట క్షేత్ర మందురు. తీరపు పల్లెలవారును మెట్టపల్లెలవారును కలిసికొను కోవెల యిది. మెట్లెక్కి దర్శనము చేసికొని తూర్పుముఖముగా నిలిచిన అతిథికి, రెండు దినములుగా తాను నడచిన నేల యంతయు జ్ఞప్తికి రావలెను. అందుచేతనే కొండను చివర చూపవలెను.

వ్యవధి యున్నవారికి కావలిలో దొడ్ల రామచంద్రారెడ్డిగారు నెలకొల్పిన జవహర్ భారతి కళాశాల కలదు. తీరప్రాంతపు పల్లెబిడ్డలకు ఉన్నతవిద్యను దగ్గర చేసిన సంస్థ అది. తుమ్మలపెంట తీరము కావలివాసులకు విహారస్థలము. ఉత్తరమున రామాయపట్నములో 2022లో పెద్దరేవునకు శంకుస్థాపన జరిగినది. పడమట ఉదయగిరి దుర్గము. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతులనుండి దానిని గెలిచి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తీసికొనిపోయి ప్రతిష్ఠించెను. ఆ ఊరి కొయ్యగరిటెల పనివారిని చూడక రారాదు. దక్షిణమున నెల్లూరు తిక్కనగారి ఊరు. పెన్న ఒడ్డున రంగనాథస్వామి ఆలయము, మొహరము నాళ్లలో కులమతములు చూడక రొట్టెలు మార్చుకొను బారాషహీదు దర్గా, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమము అందరెరిగినవే. వానికి దారి చెప్పువారు వేలమంది కలరు. జువ్వలదిన్నె మెట్లకు దారి చెప్పువారు మాత్రము ఈ ఊరివారే కావలెను.

సోదరులారా! పై మెట్ల వరుసలో కంటికి కనబడని దొకటి కలదు. అది ప్రమాదము. 1989 నవంబరులో గే యను పెనుతుపాను సయాము సింధుశాఖలో పుట్టి, థాయిలాండు దేశమును ధ్వంసము చేసి, బంగాళాఖాత మంతయు దాటి కావలి సమీపముననే తీరము తాకినది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినది. నాడు పొంగిన సముద్రజలమును బకింగ్‌హాం కాలువ చాల చోట్ల తనలో ఇముడ్చుకొని, లోపలి పల్లెలపై దెబ్బ తగ్గించినదని పరిశీలకులు వ్రాసిరి. సరకుల కొఱకు త్రవ్విన కాలువ, సరకులు మానిన తరువాత కూడ కాపలాదారుగా నిలిచినది. దిన్నె అల నాపును. సర్వితోట గాలి నాపును. దిన్నెను దాటివచ్చిన నీటిని కాలువ మ్రింగును. ముందు చెప్పిన చూడదగిన తావులే ఊరికి కోటగోడలు కూడ.

ఈ గోడలు తరుగుచున్నవి. ఇసుకకై దిన్నెను త్రవ్వినచో అల్లకల్లోలమునకు అడ్డుండదు, బావిలో తీపి యుండదు. 1990 ప్రాంతమునుండి నెల్లూరు తీరమున రొయ్యల గుంటలు విస్తరించినవి. అవి ఎందరికో అన్నము పెట్టినమాట నిజము. ఉప్పునీరు పొలములకును బావులకును ప్రాకినచోట్ల తగవులు పుట్టినమాటయు నిజము. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చరు చట్టమును ఆ తగవునుండి పుట్టినవే. ఇట్టి విషయములలో తీర్మానము చేయువారు ముందుగా నేలను చూచి యుండవలెను. అతిథికి చూపుటకై ఊరి బిడ్డ దిన్నె ఎక్కినచో, అతిథికంటె ముందు ఆ బిడ్డయే చూచును. ఊరు చూపుటలో గల అసలు లాభ మిదియే.

కావున రజతోత్సవ గుర్తుగా గ్రంథాలయము మూడు పనులు పూనుకొనవచ్చును. మొదటిది: సముద్రమునుండి కొండవరకు ఈ మెట్లను చూపు పటమొకటి పెద్ద అక్షరములతో వ్రాయించి వాకిట వ్రేలాడదీయుట. రెండవది: గుడారు వేసి పడవ నడిపిన తాతలు, ఉప్పు లాగిన అవ్వలు, 1989 నాటి రాత్రిని గుర్తుంచుకొన్నవారు చెప్పు మాటలను బడిపిల్లలచే వ్రాయించి పుస్తకముగా కుట్టి అలమరలో నుంచుట. ఆ పుస్తకము ఏ పట్టణపు అంగడిలోను దొరకదు. వారు పోయిన పిదప వ్రాయుటకును వీలుండదు. మూడవది: అతిథుల పుస్తక మొకటి తెరచి, వచ్చినవారు ఏమి చూచిరో వ్రాయు డని కోరుట. "సముద్రము చూచితిమి" అని మాత్రమే వ్రాసి పోయినవారు ఎందరో, బావినీరు త్రాగితి మనియు, కాలువగట్టున నడచితి మనియు వ్రాసినవారు ఎందరో లెక్కించినచో, గ్రామధర్మము ఏపాటి నెరవేరుచున్నదో తెలియును.

వీనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక పటము, నాలుగు నోటుపుస్తకములు, ఆదివారమునాడు ఒక పూట తీరిక. సత్రపు అరుగు మీద పెద్దలు చేసిన పనిని గ్రంథాలయపు అరుగు మీద పిన్నలు అందుకొందురు గాక! ఇరువదియైదేండ్లు పుస్తకములను పాఠకుల చేతికిచ్చిన ఈ సంస్థ, ఇక మీదట ఊరిని గూడ ఒక పుస్తకమువలె వచ్చినవారి చేతికిచ్చును గాక!